ఒక మితవాద పత్రికావేత్త లేని లోటు

“ఆయన రాజాజీ మనిషి కదండీ” అన్నారు వేదిక మీది పెద్దాయన. రాజాజీ అంటే స్వతంత్ర పార్టీ పెట్టిన సి. రాజగోపాలాచారి. పాత తరం సంపాదకుడు ఖాసా సుబ్బారావు ప్రస్తావన అక్కడితో ముగిసిపోయింది.

విజయవాడలో ఆ మధ్య జరిగిన ఒక పాత్రికేయుల సభ అది. తెలుగువాళ్లు నడిపిన పత్రికల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. ముట్నూరి కృష్ణారావు గారి దగ్గర మొదలై, నాగేశ్వరరావు పంతులుగారి మీదుగా నార్ల దాకా వచ్చారు. వెనక వరసలోంచి ఒక కుర్రాడు లేచి, మరి ఖాసా సుబ్బారావు సంగతేమిటని అడిగాడు. వచ్చిన జవాబు పైన చెప్పిందే. ఎవరూ నొచ్చుకోలేదు, ఎవరూ కాదనలేదు. దాదాపు నలభై ఏళ్లు రాసిన మనిషి రాతనంతా ఇంకొకరి ఖాతాలో జమ వేసి పుస్తకం మూసేశారు. నాకది మనసులో గుచ్చుకుంది, ఇంటికి వచ్చినా వదల్లేదు. ఇది ఖాసా ఒక్కరి విషయం కాదు గనక ఈ పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆస్తి హక్కు, సొంత సేద్యం, సర్కారు పెత్తనం మీద అనుమానం - ఈ మూడూ బలంగా ఉన్న ఓటరు ఎప్పుడూ ఉన్నాడు. ఆ ఓటరుకు నాయకుడూ దొరికాడు. దొరకనిది పత్రికావేత్త. ఆ ఆలోచనను ఏ పార్టీ గుమ్మంలోనూ నిలబడకుండా, తెలుగులో, వారం వారం రాసే మనిషి నిలదొక్కుకోలేదు. అందువల్ల నష్టపోయింది పత్రికలు కాదు, ఇక్కడి రైతులు, చిన్న ఆస్తిపరులు.

మితవాది అంటే నా దృష్టిలో మతం గురించి రాసేవాడు కాదు. ప్రభుత్వం చేతిలో అధికారం పోగుపడుతుంటే కళ్లు చిట్లించి చూసేవాడు. ఒకడి కష్టార్జితం మీద హక్కు వాడిదేనని నమ్మేవాడు. రాసుకున్న కాగితానికి విలువ ఉండాలనేవాడు. ఉన్న ఏర్పాటును పీకేసే ముందు అసలది ఎందుకొచ్చిందో కనుక్కోమనేవాడు. ఖాసా రాతల్లో నాకు కనిపించిన మనిషి ఇతను.

కావలి నుంచి మద్రాసుకు

1896లో నెల్లూరు జిల్లా కావలిలో పుట్టిన ఖాసా, ప్రకాశం పంతులుగారి ‘స్వరాజ్య’ దినపత్రికలో చేయి తిరిగినవారు. పంతులుగారు బారిస్టరుగా గడించిందంతా ఆ ఇంగ్లీషు పత్రికలో పోసిన కథ మళ్లీ చెప్పక్కర్లేదు. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో ఖాసా జైలుకు వెళ్లారు. ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌కు సంపాదకులుగా పనిచేశారు. 1946లో ‘స్వతంత్ర’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టారు. రెండేళ్లకు ‘తెలుగు స్వతంత్ర’ వచ్చింది. 1956లో మళ్లీ ‘స్వరాజ్య’ అనే పేరుతోనే ఇంకో ఇంగ్లీషు వారపత్రిక. రాజాజీ ‘డియర్ రీడర్’ శీర్షిక రాసింది అందులోనే. ప్రతి పనికీ సర్కారు అనుమతి కావాలనే పర్మిట్ లైసెన్స్ రాజ్ మీద ఆయన చేసిన దాడి వారం వారం చదువరులకు చేరింది ఆ పత్రిక ద్వారానే. ఖాసా 1961 జూన్‌లో కన్నుమూశారు.

1956 నాటికి ఖాసాకు అరవై ఏళ్లు. అప్పటికే సొంత వారపత్రికను పదేళ్లు మోసినవాడు. అరవయ్యో ఏట ఒకరి ‘మనిషి’ అయిపోయాడనడానికి ఆధారమేమిటి? ఇద్దరి ఆలోచన ఒక దారికి వచ్చింది, ఒక పత్రికలో కలిసి రాశారు. అంతమాత్రానికే అనుచరుడనే ముద్ర వేస్తే అభిప్రాయం ఉన్న ఏ సంపాదకుడూ మిగలడు. చీరాల నుంచి వెళ్లిన కోటంరాజు రామారావు గారు, లక్నోలో నెహ్రూ పూనికతో వచ్చిన నేషనల్ హెరాల్డ్‌కు 1938లో తొలి సంపాదకులయ్యారు. ఆయన్ని నెహ్రూ మనిషి అని ఒక్క ముక్కతో ఏ సభలోనూ పక్కన పెట్టగా నేను వినలేదు. పెట్టకూడదు కూడా. అదే మర్యాద ఖాసాకు ఎందుకు ఉండదని నా ప్రశ్న.

ఆయన జీవితంలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచేది జైలుకూ ‘స్వరాజ్య’కూ మధ్య ఉన్న లంకె. తెల్లవాడి ప్రభుత్వం మీద అనుమానంతో జైలుకు వెళ్లిన మనిషి, మనవాళ్ల ప్రభుత్వం వచ్చాక ఆ అనుమానాన్ని చాలించుకోలేదు. ఆయన తరంవాళ్లు ఎంతోమంది 1947 తర్వాత నిశ్చింతగా ఉండిపోయారు. ప్రభుత్వం మనదే గనక దానికి ఎంత అధికారమిస్తే అంత మేలు జరుగుతుందనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు. ఖాసా అలా అనుకోలేదు. ఎవరి చేతిలో ఉన్నా అధికారం అధికారమేనన్న గ్రహింపు ఆయన రాతకు వెన్నెముక.

ఇక ‘తెలుగు స్వతంత్ర’. గోరాశాస్త్రి గారి సంపాదకత్వంలో ఆ పత్రిక ఏమిటో, ఆయన శీర్షిక ‘వినాయకుడి వీణ’ ఏమిటో పాత పాఠకులకు తెలుసు. పత్రిక పెట్టిన పెద్దమనిషి సోషలిజాన్ని నమ్మనివాడు. అయినా ఎర్రజెండా వైపు మొగ్గిన రచయితలకు కూడా ఆ పత్రికలో చోటు దొరికింది. కొత్తగా కలం పట్టిన కథకులకు అది ఇల్లయింది. వ్యక్తి స్వేచ్ఛను నిజంగా నమ్మినవాడు ఎదుటివాడి కథను ఆపడు. ఆ నమ్మకానికి ఇంతకంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

బెజవాడకు పత్రికలు వచ్చిన ఏడాది

1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెసు ఉమ్మడి సహకార వ్యవసాయాన్ని తీర్మానం చేసింది. రైతు గట్లు చెరిగిపోతాయని మొదట గొంతెత్తినవాళ్లలో నిడుబ్రోలు నుంచి వెళ్లిన ఎన్.జి. రంగా గారు ఒకరు. ఆ ఏడే స్వతంత్ర పార్టీ పుట్టింది. రాజాజీ దాని పెద్ద, రంగా గారు అధ్యక్షులు. సరిగ్గా ఆ ఏడే ఆంధ్రప్రభ మద్రాసు వదిలి విజయవాడ చేరింది. మరుసటేడు, 1960 జులైలో, నార్ల వారి సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే మొదలైంది. విశాలాంధ్ర 1952 నుంచీ ఇక్కడే ఉంది.

అంటే పార్టీ అధ్యక్షుడిది గుంటూరు జిల్లా, అచ్చు యంత్రాలు కృష్ణ ఒడ్డున, చదువరులు అటూ ఇటూ. ఓటరూ ఉన్నాడు. 1962లో శాసనసభలో స్వతంత్ర పార్టీకి 19 స్థానాలు వచ్చాయి. 1967లో 29 వచ్చాయి, కాంగ్రెసు తర్వాత స్థానం దానిదే. లోక్‌సభలో దేశం మొత్తం మీద 44. ఇంత బలం ఉండి ఆ పార్టీ 1974లో చరణ్‌సింగ్ పార్టీలో కలిసిపోయింది. తర్వాత జనతాలో కరిగింది. ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేసింది. రంగా గారు కాంగ్రెసుకు తిరిగి వెళ్లి గుంటూరు నుంచే పార్లమెంటుకు ఎన్నికవుతూ వచ్చారు.

పార్టీలు పుడతాయి, పోతాయి. దానికి నాకు బెంగ లేదు. కమ్యూనిస్టుల సంగతే చూడండి. 1962లో 51 స్థానాలున్న పార్టీ, రెండుగా చీలాక, 1967లో రెండు ముక్కలకూ కలిపి ఇరవై దగ్గర ఆగింది. కానీ విశాలాంధ్ర ఆగలేదు. 1981లో ప్రజాశక్తి దినపత్రిక అయింది. పుస్తకాలు అచ్చవుతూనే ఉన్నాయి, దుకాణాలు తెరిచే ఉన్నాయి. ఇవాళ విజయవాడలో ఇరవై ఏళ్ల విద్యార్థికి వామపక్షం ఏమంటుందో తెలుసుకోవాలనిపిస్తే నడిచి వెళ్లి తెలుసుకోగలడు. అదే విద్యార్థికి, స్వతంత్ర పార్టీకి ఓటేసిన తన తాత ఏం నమ్మాడో తెలుసుకోవాలనిపిస్తే ఎక్కడికి వెళ్లాలి? గుంటూరు దగ్గరి లాం వెళ్తే రంగా గారి పేరున వ్యవసాయ విశ్వవిద్యాలయం బోర్డు కనిపిస్తుంది. ఆలోచన కనిపించదు. తాత నమ్మకాల్లో మనవడి దాకా చేరింది కులం పేరొక్కటే. మధ్యలో ఆ నమ్మకాన్ని మాటల్లో పెట్టి అందించే పత్రిక లేకపోతే ఇలాగే అవుతుంది.

9.2, 9.3

ఇదంతా చరిత్ర ముచ్చట అనుకునేవాళ్లకు అమరావతి గుర్తు చేస్తాను.

2015లో రాజధాని కోసం రైతుల భూమి తీసుకుని బదులుగా ప్లాట్లు ఇచ్చే భూసమీకరణ మొదలైనప్పుడు నేను ఒక పత్రిక డెస్కులో ఉన్నాను. 29 గ్రామాల్లో ఆ రోజుల్లో అందరి నోటా రెండే అంకెలు. ఇష్టపడి ఇచ్చేవాళ్లది 9.3 ఫారం, అభ్యంతరం చెప్పేవాళ్లది 9.2. పెనుమాక, ఉండవల్లి వైపు జరీబు భూములు. కూరగాయలు, పూలు, అరటి, ఏడాది పొడవునా పచ్చగా ఉండే నేల. అక్కడ 9.2 ఇచ్చిన ఒక పెద్దావిడ నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది. “ప్యాకేజీ చాలక కాదయ్యా. ఎకరానికి ఎంతిస్తారో నువ్వు చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. నాకు ఇవ్వబుద్ధి కాలేదు. అంతే.”

మెట్టకైతే ఎకరానికి వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, జరీబుకైతే వెయ్యి, 450 అని లెక్కలు చెప్పే వార్తలు కుప్పలుగా వస్తున్న రోజులవి. ‘ఇవ్వబుద్ధి కాలేదు’ అనే మాటకు ఆ లెక్కల్లో గడి లేదు. నేను దాన్నే వ్యాసంగా రాసిచ్చాను. చదివిన ఇన్‌చార్జి మంచివాడు, చాలా బాగుందన్నాడు. “కానీ ఇది వాళ్ల వార్త, మనది కాదు” అని పక్కన పెట్టాడు. వాళ్లు అంటే అవతలి పత్రిక.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 9.3 ఇచ్చినవాళ్లు నిరసన శిబిరాల్లో కూర్చున్నారు. మందడం శిబిరంలో ఒక రైతు, “మేం సంతకం పెట్టింది పార్టీతో కాదు బాబూ, ప్రభుత్వంతో” అన్నాడు. ఒప్పందాల మీద కట్టిన సమాజం గురించి లావుపాటి పుస్తకాలు చెప్పేది ఈ వాక్యమే. అవతలి పత్రికలో పనిచేస్తున్న నా మిత్రుడూ ఆ రోజు అక్కడే ఉన్నాడు, అదే మాట విన్నాడు. అతను రాయలేదు. రాస్తే ఎక్కడ ఆగుతుందో అతనికి తెలుసు.

ఇద్దరి బాధా ఒకటే. నా భూమి నాది, నాతో చేసుకున్న ఒప్పందం చెల్లాలి. పెనుమాక పెద్దావిడది మొదటి సగం, మందడం రైతుది రెండో సగం. ఈ రెండు సగాలనూ ఒకే కలం రాయాల్సింది. కానీ ఒక పత్రికకు 2015లో ఆస్తి హక్కు గుర్తొచ్చి 2019లో మరుపుకొచ్చింది. ఇంకో పత్రికకు 2015లో పట్టని ఒప్పందం 2019కల్లా పవిత్రమైంది. హైకోర్టు 2022 మార్చి 3న రైతులకిచ్చిన మాట నిలుపుకోవాలని తీర్పు చెప్పినప్పుడు సంతోషించినవాళ్లలో ఎంతమంది పెనుమాకకు వెళ్లి ఉంటారు?

ఖాసా తరహా మనిషి ఇక్కడ ఉండి ఉంటే 2015లోనే కొన్ని ప్రశ్నలు వేసేవాడు. రైతు రాసిచ్చే పవర్ ఆఫ్ అటార్నీ వెనక్కి తీసుకోవడానికి వీల్లేనిదైనప్పుడు, ప్రభుత్వం మాట తప్పితే శిక్ష ఏమిటి? ప్లాట్లు ఫలానా తేదీకి ఇవ్వకపోతే భూమి తిరిగి వస్తుందా? ఐదేళ్ల తర్వాత ఇంకో ప్రభుత్వం వచ్చి నాకీ రాజధాని వద్దంటే ఈ కాగితం ఏమవుతుంది? ఈ ప్రశ్నలు అప్పుడు అడిగినవాడిని రాజధాని ద్రోహి అనేవాళ్లు. అడగనందుకు 2019లో 9.3 ఇచ్చినవాళ్లే రోడ్డున పడ్డారు. రాజధాని కావాలని గట్టిగా కోరుకున్నవాళ్లకే ఆ ప్రశ్నలు ఎక్కువ అవసరం. ఇందులో నాకు రవ్వంత సందేహం లేదు.

భూ హక్కుల చట్టం సంగతీ అంతే. 2022లో చేసిన చట్టం 2023 అక్టోబరు ఆఖరున అమల్లోకి వచ్చింది, ప్రభుత్వం మారగానే 2024లో రద్దయింది. మధ్యలో విజయవాడ, గుంటూరు న్యాయవాదులు కోర్టులు బహిష్కరించారు. ఎన్నికల సభల్లో ఒకరు మీ భూములు పోతాయన్నారు, ఇంకొకరు ఏమీ కాదన్నారు. అసలు సంగతి అంత తేలికైంది కాదు. మన రిజిస్ట్రేషన్ కాగితం అమ్మకం జరిగిందని చెబుతుందే తప్ప హక్కుకు పూచీ ఇవ్వదు. ప్రభుత్వం పూచీ ఇస్తానంటే ఆస్తిపరుడికి అది వరమే. కానీ ఆ పూచీ కోసం తగాదా తేల్చే పని సివిల్ కోర్టు చేతుల్లోంచి అధికారి చేతుల్లోకి వెళ్తే అది భయమే. మితవాదికి ఇక్కడ రెండు వైపులా లాగుతుంది. ఆ లాగుడును నిజాయితీగా రాసిన వ్యాసం కోసం ఆ నెలల్లో వెతికాను, నా కంట పడలేదు. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి ఫొటో గురించి మాత్రం బోలెడు చదివాను. రైతు హక్కు కాగితం మీద పాలకుడి బొమ్మ ఉండకూడదు, నిజమే. ఏ పాలకుడి బొమ్మా ఉండకూడదు.

నన్ను ఆపే ప్రశ్నలు

ఇంతవరకూ చదివిన నా మిత్రుల్లో కొందరు ఈపాటికి ఒక ఊరి పేరు తలుచుకుని ఉంటారు. నేనూ తలుచుకుంటున్నాను. కారంచేడు, 1985 జులై 17. చుండూరు, 1991 ఆగస్టు 6. ఉన్న ఏర్పాటును పీకేసే ముందు ఆలోచించు అని చెప్పేవాడు ఈ ఊళ్లలో ఆ మాట ఎవరితో అనగలడు? దళితులను ఆరుగురిని ఒకచోట, ఎనిమిది మందిని ఒకచోట చంపిందే ఆ ఏర్పాటు. చుండూరు కేసులో 2007లో పడిన శిక్షలు 2014లో హైకోర్టులో కొట్టుడుపోయాయి. స్వతంత్ర పార్టీ వేదికల మీద జమీందార్లు, రాజులు కూర్చున్న మాట అబద్ధం కాదు. భూసంస్కరణలను అడ్డుకున్న మాటా అబద్ధం కాదు. ఆస్తి హక్కు పేరు చెప్పి కులపెత్తనాన్ని కాపాడుకున్నవాళ్లు మన జిల్లాల్లోనే కావలసినంత మంది ఉన్నారు.

ఈ ప్రశ్నకు సగం జవాబే ఉంది నా దగ్గర. చట్టం అందరికీ ఒకటే అని నమ్మేవాడు చుండూరు మీద మొదటి రోజే, అందరికంటే గట్టిగా రాయాలి. రాయనివాడు కాపాడుతున్నది చట్టాన్ని కాదు, తనవాళ్లను. అతన్ని నేను మితవాది అనను. పైగా హక్కు కాగితం బలహీనుడికే ఎక్కువ అవసరం. అమరావతిలో ప్రభుత్వం పేదలకిచ్చిన అసైన్డ్ భూములున్న దళిత రైతులకు మొదట ప్రకటించిన ప్యాకేజీ పట్టా భూముల వారికంటే తక్కువ. అదే నేల, అదే కృష్ణ నీళ్లు, కాగితం మాత్రం వేరు. ఆస్తి హక్కును నమ్మే పత్రికావేత్త చేతికి ఇంతకంటే పెద్ద వార్త దొరకదు.

మిగతా సగానికి నా దగ్గర జవాబు లేదు. ఆస్తి హక్కు ఉన్నదాన్ని కాపాడుతుంది. ఏమీ లేనివాడికి? భూమి లేని కుటుంబానికి నెలకు 2,500 పింఛను ఇచ్చారు. ఆ పొలాల్లో ఏడాది పొడవునా దొరికే కూలి పోయింది. కౌలుకు చేసుకునేవాడు ఏ ఫారంలోనూ లేడు. ఈ మనుషులను చూడటానికి నాకు ప్రజాశక్తి విలేకరి కావాలి. మితవాద పత్రిక ఒక్కటే ఉన్న ఊరు నాకు వద్దు. రెండూ ఉండి, ఒకదాని తప్పు ఇంకోటి ఎత్తిచూపే ఊరు కావాలి.

రెండో ప్రశ్న పొగాకుది. పర్మిట్ రాజ్ పోవాలని గుంటూరులో నిలబడి అన్నామంటే ముందు పొగాకు బోర్డు కార్యాలయం ఎదురొస్తుంది. 1976 నుంచి అది ఇక్కడే ఉంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్‌కు లైసెన్సు, పంటకు పరిమితి, మించితే జరిమానా. రాజాజీ తిట్టినవన్నీ ఒక్క కప్పు కింద ఉన్నాయి. మరి బోర్డు తీసేయమంటారా అని ఏ పొగాకు రైతునైనా అడిగి చూడండి. వేలం రాకముందు కంపెనీల, వ్యాపారుల చుట్టూ డబ్బు కోసం తిరిగిన తరం ఇంకా బతికే ఉంది. మన రాష్ట్రంలో వేలం 1985లో వచ్చింది, రైతు ఊపిరి పీల్చుకున్నాడు. బోర్డు వేలంలో లేని బర్లీ రకం పొగాకు రైతుకు 2025లో ఏమైందో అందరం చూశాం. కొనేవాడు లేక ధర కూలి, చివరికి కొనుగోలుకు ప్రభుత్వ సంస్థ మార్క్‌ఫెడ్‌ను దింపాల్సి వచ్చింది. ప్రభుత్వం తప్పుకుంటే మార్కెట్టు తనంతట తానే పుడుతుందనేవాడికి బాపట్ల జిల్లా బర్లీ రైతు దగ్గర పాఠం ఉంది.

ఇక్కడ నేను చాలా రోజులు తడబడ్డాను. ఇప్పుడు ఇలా అనుకుంటున్నాను. బోర్డు చేసేవి రెండు వేరువేరు పనులు. పదిమంది ముందు వేలం పెట్టి, ధర పలికించి, డబ్బు రైతు చేతికి చేర్చడం ఒకటి. నువ్వింతే పండించాలి, లైసెన్సు లేకపోతే బ్యారన్ వెలిగించకూడదు అనడం రెండోది. మొదటిది మార్కెట్టును నిలబెట్టే పని. రెండోది పర్మిట్. రైతు ప్రేమిస్తున్నది మొదటిదాన్ని. రెండోదాన్ని భరిస్తున్నాడు, కొన్నేళ్లు ధర పడకుండా అది కాపాడుతుందనీ నమ్ముతున్నాడు. ఈ ముడి విప్పడం నినాదాలతో అయ్యే పని కాదు. వేలం కేంద్రంలో రోజులు గడిపి, బేళ్లు వెనక్కి వెళ్లడం చూసి, లెక్కలు అడిగి రాయాలి. మద్రాసులో కూర్చుని ఇంగ్లీషులో రాస్తే అది కుదరదు.

ఇంగ్లీషు, డబ్బు

ఖాసా మీద నాకున్న అసలు ఫిర్యాదు ఇదే. ఆయన ఆర్థిక విధానాల వాదన అంతా ఇంగ్లీషులో సాగింది. తెలుగు పత్రిక సాహిత్యానికి ఇల్లయింది గానీ, ఆ వాదనకు కాలేదు. ప్లీడర్లు, లెక్చరర్లు చదివారు. గట్టు మీద నిలబడ్డవాడికి ఆ వాదన పూర్తిగా చేరలేదు.

గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైర్డ్ ఎకనామిక్స్ లెక్చరర్ గారు ఉన్నారు. వాళ్లింట్లో ‘స్వరాజ్య’ పాత సంచికలు బైండు చేయించి ఉన్నాయి. వాటిని కొన్నది ఆయన కాదు, వాళ్ల నాన్నగారు. పొగాకు రైతు, ఇంగ్లీషు రాదు. “ఆదివారం నేను హాస్టల్ నుంచి ఊరికి వెళ్తే ముందు అన్నం, తర్వాత పత్రిక. నేను చదివి తెలుగులో చెప్పాలి. కోఆపరేటివ్ ఫార్మింగ్ అన్నచోట ఆపి మళ్లీ చెప్పరా అనేవాడు. నాకు సరిగా చెప్పడం వచ్చేది కాదు, కోప్పడేవాడు” అన్నారు లెక్చరర్ గారు. అర్థం కాని భాషలో ఉన్న పత్రికకు చందా కట్టి, కొడుకు చేత చదివించుకున్న రైతు. ఈ నేల మీద ఆ ఆకలి లేదని నాకెవరూ చెప్పొద్దు.

డబ్బు సంగతికి వస్తే, ప్రకాశం గారి పత్రిక అప్పులతో మూతపడింది. రాజాజీ 1972లో పోయాక రెండో ‘స్వరాజ్య’ కూడా మెల్లగా చతికిలబడి ఆగిపోయింది. తర్వాత ఎన్నో ఏళ్లకు, 2014లో, అదే పేరుతో వేరేవాళ్లు మొదలుపెట్టారు. అదీ ఇంగ్లీషే. మన దినపత్రికల యజమానులకు వేరే వ్యాపారాలు, ఆ వ్యాపారాలకు ప్రభుత్వంతో పనులు, ప్రభుత్వ ప్రకటనల మీద ఆధారం. సర్కారు ప్రకటన లేకుండా నెల గడవని పత్రిక సర్కారు పెత్తనం గురించి ఎంతని రాస్తుంది? కాబట్టి ఆ దారి వద్దు. పార్టీ నిధి వద్దు, రియల్ ఎస్టేట్ సొమ్ము అసలే వద్దు. పాఠకుడు డబ్బిచ్చి కొనుక్కోవాలి. కొనేవాడు లేని పత్రికను సర్కారు పోషించాలని మితవాది అడగలేడు. నెలకు రెండొందలు ఇచ్చే పాఠకులు రెండు వేల మంది ఉంటే నాలుగు లక్షలు. ఇద్దరు విలేకరులకు జీతం, ఒక న్యాయవాదికి ఫీజు, ప్రయాణ ఖర్చులు గడుస్తాయి. వారానికి ఒక్క సంచిక, ఆన్‌లైన్‌లో, తెలుగులో. అచ్చు మాట తర్వాత చూసుకోవచ్చు.

విజయవాడ, గుంటూరుల్లో కొందరితో మాట్లాడాను. చందా కడతామన్నవాళ్లు ఉన్నారు, “మీరు ఎవరి వైపు?” అని మొదటి ప్రశ్న అడిగినవాళ్లూ ఉన్నారు. రాజధాని రెండో విడత భూసమీకరణకు ప్రభుత్వం సిద్ధమైంది గనక ఆలస్యం చేయదలచుకోలేదు. మొదటి సంచికకు రెండు వ్యాసాలు నేను రాస్తున్నాను. ఒకటి, మొదటి విడత ఒప్పందంలోని షరతులూ ఇప్పటి షరతులూ పక్కపక్కన పెట్టి, ప్లాట్లు ఆలస్యమైతే రైతుకు చట్టంలో ఏముందో న్యాయవాది చేత చెప్పించేది. రెండోది బ్యారన్ లైసెన్సుల మీద. మూడోది కౌలు రైతు మీద రావాలి. అది నాకంటే, ఏళ్ల తరబడి ఎర్రజెండా పత్రికల్లో పనిచేసి వచ్చిన నా మిత్రుడే బాగా రాస్తాడు. ఒక్క అక్షరం మార్చకుండా వేస్తానని చెప్పి అడిగాను. ఒప్పుకున్నాడు.